ఇరుసు నడిమి చక్రాలు: డిఫరెన్షియల్ చరిత్ర, దాని మరమ్మతు విద్య

ఎద్దుబండికి డిఫరెన్షియల్ అవసరం లేకపోవడానికి కారణం దాని ఇరుసు తిరగకపోవడమే. బండి ఇరుసు చట్రానికి బిగించి ఉంటుంది. రెండు చక్రాలూ దాని కొసల మీద, శీలల అదుపులో, దేనికది విడిగా దొర్లుతాయి. లాగే బలం కాడి నుంచి వస్తుందే తప్ప ఇరుసు నుంచి రాదు. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరమూ లోపలి చక్రం తక్కువ దూరమూ పోయినా ఏదీ తెగదు, ఏదీ విరగదు. బండి కోరేదల్లా వేళకు కాస్త కందెన. చక్రాలను బయటి నుంచి లాగడం మాని ఇరుసునే తిప్పి వాహనాన్ని నడపాలనుకున్నప్పుడు ఈ సౌలభ్యం పోయింది. ఒకే ఇరుసుకు గట్టిగా బిగించిన రెండు చక్రాలు ఒకే వేగంతో తిరిగి తీరాలి గనుక, మలుపులో వాటిలో ఒకటి నేలను గీరుకుంటూ ఈడ్చుకుపోక తప్పదు. చక్రాల నడుమ ఎడం సుమారు 1.2 మీటర్లు ఉండే జీపు ఒక పూర్తి చుట్టు తిరిగితే బయటి చక్రం లోపలి చక్రం కంటే ఏడున్నర మీటర్లు ఎక్కువ నడుస్తుంది; చుట్టు చిన్నదైనా పెద్దదైనా ఈ తేడా మారదు. ఆ ఏడున్నర మీటర్లను టైరు అరగకుండా, ఇరుసు మెలిపడకుండా సర్దుబాటు చేసే పళ్లచక్రాల అమరికకే డిఫరెన్షియల్ అని పేరు. దాని చరిత్రను సాధారణంగా ఆవిష్కర్తల పేర్ల వరుసగా చెబుతారు గాని, దానికి వచ్చిన జబ్బుల వరుసగా చెప్పడమే ఎక్కువ న్యాయం. ప్రతి మెరుగుదలా ఒక పాత జబ్బును పోగొట్టి ఒక కొత్త జబ్బును తెచ్చింది, ఆ కొత్త జబ్బును కనిపెట్టేందుకు మెకానిక్కులు ప్రతిసారీ కొత్తగా చెవినీ కంటినీ సాధన చేసుకోవలసి వచ్చింది.

రెండు చలనాల తేడాను పళ్లచక్రాలతో పట్టుకోవచ్చనే ఊహ వాహనాల కంటే పాతది. ప్రాచీన చైనాలోని దక్షిణ దిక్కు చూపే రథంలో ఇటువంటి అమరిక ఉండి ఉంటుందని కొందరు పండితులు భావించారు. పద్దెనిమిదో శతాబ్దపు గడియారాల పనివారికి అది తెలుసు. వాహనానికి దాన్ని అన్వయించినవాడు మాత్రం ఫ్రాన్స్‌కు చెందిన ఒనెసిఫోర్ పెకర్. ఆయన కూడా గడియారాల పనిలో ఆరితేరినవాడే. ఆవిరి బండి కోసం ఆయన 1828లో పొందిన పేటెంటులో వెనుక ఇరుసును రెండు ముక్కలు చేసి, వాటి నడుమ పళ్లచక్రాలతో బలాన్ని పంచే ఏర్పాటు ఉంది. ఆవిరి బండ్లు రోడ్ల మీద నిలదొక్కుకోకపోవడంతో ఈ ఆలోచన దాదాపు అర్ధ శతాబ్దం మరుగున పడి, 1877లో ఇంగ్లండులోని కోవెంట్రీలో జేమ్స్ స్టార్లీ చేతుల్లో మళ్లీ ప్రాణం పోసుకుంది. ఇద్దరు పక్కపక్కన కూర్చుని చెరొక వైపు తొక్కే మూడు చక్రాల సైకిలులో బలమైనవాడి వైపు నుంచి బండి పక్కకు మళ్లిపోయేది; స్టార్లీ తన గేరుతో ఇద్దరి బలాన్నీ ఒకచోట కలిపి, తిరిగి రెండు చక్రాలకూ సమానంగా పంచాడు. డిఫరెన్షియల్ చేసే రెండు పనులూ ఇక్కడ స్పష్టంగా కనిపిస్తాయి: వేగాల్లో తేడాను అనుమతిస్తుంది, బలంలో తేడాను అనుమతించదు. ఈ రెండో గుణమే తరువాతి కాలంలో బురదలో చిక్కుకున్న ప్రతి ట్రక్కుకూ శాపమైంది.

కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు పొందిన మోటారు బండిలో డిఫరెన్షియల్ వెనుక ఇరుసులో లేదు. అది నడుమ ఉన్న అడ్డ కడ్డీ మీద ఉండేది, దాని రెండు కొసల నుంచి రెండు గొలుసులు చక్రాలకు వెళ్లేవి. గొలుసు సాగితే కంటికి కనిపిస్తుంది, తెగితే దారిలోనే అతకవచ్చు. కాబట్టి బరువు మోసే ట్రక్కులు మొదటి ప్రపంచ యుద్ధం తరువాత కూడా కొంతకాలం గొలుసులను వదలలేదు. లూయీ రెనో 1898లో తన చిన్న కారుకు గొలుసు తీసేసి, ఇంజను నుంచి వెనక్కి ఒక పొడవాటి కడ్డీని వేసి, దాని బలాన్ని ఇరుసులోని పళ్లచక్రాల ద్వారా అడ్డంగా మళ్లించాడు. ఆ కడ్డీని ప్రొపెల్లర్ షాఫ్ట్ అంటారు. దాని కొసన ఉండే చిన్న పళ్లచక్రం పినియన్. పినియన్ తిప్పే పెద్ద వలయం క్రౌన్ వీలు. క్రౌన్‌కు బిగించిన పెట్టెలో ఒక అడ్డ పిన్ను మీద తిరిగే చిన్న చక్రాలకు మన షెడ్లలో స్టార్ గేర్లనీ, వాటితో కలిసి ఇరుసు కడ్డీలను తిప్పే రెండు చక్రాలకు సన్ గేర్లనీ పేరు. నేరుగా పోయేటప్పుడు స్టార్ గేర్లు పిన్ను మీద కదలకుండా పెట్టెతో పాటు మొత్తంగా తిరుగుతాయి. మలుపులో మాత్రం అవి మెల్లగా దొర్లి ఒక వైపు తగ్గిన వేగాన్ని రెండో వైపుకు కలుపుతాయి. ఇదంతా మూసిన ఇనుప గుల్లలో, నూనెలో మునిగి జరుగుతుంది. ఎదురుగా కనిపించే గొలుసు స్థానంలో కంటికి కనిపించని యంత్రం రావడంతో, రోగనిర్ణయానికి అప్పటి నుంచి చెవే ప్రధాన సాధనమైంది.

తొలి క్రౌన్, పినియన్‌ల పళ్లు నిటారుగా కోసినవి కావడం వల్ల ఒక్కొక్క పన్నూ ఒక్కసారిగా తగిలి, వేగం పెరిగిన కొద్దీ ఏడుపు వంటి మోత చేసేది. అమెరికాలోని రోచెస్టర్ పట్టణంలో విలియం గ్లీసన్ 1874లోనే ఇటువంటి పళ్లను కోసే యంత్రాన్ని తయారుచేశాడు. ఆయన కంపెనీయే 1913లో వంపు తిరిగిన పళ్లను కోసే యంత్రాన్ని తెచ్చింది. వంపు పళ్లు ఒక కొస నుంచి మరో కొసకు మెల్లగా జారుకుంటూ కలుస్తాయి గనుక మోత చాలావరకు అణిగింది. 1920ల నడుమ అదే కంపెనీ హైపాయిడ్ పళ్లను రూపొందించింది. ఇందులో పినియన్ క్రౌన్ నడిబొడ్డుకు ఎదురుగా కాక, కాస్త కిందకు దిగి ఉంటుంది. దానివల్ల ప్రొపెల్లర్ షాఫ్ట్ కిందకు వచ్చి కారు నేల ఎత్తు తగ్గింది, పినియన్ లావై బలమూ పెరిగింది. ప్యాకార్డ్ కార్లలో 1926లో వచ్చిన ఈ అమరిక కొద్ది కాలంలోనే మిగతా తయారీదారులకూ పాకింది. దానితో వచ్చిన కొత్త జబ్బు మాత్రం నూనెది. హైపాయిడ్ పళ్లు ఒకదానిపై ఒకటి దొర్లడమే కాక పొడవునా రాసుకుంటాయి; ఆ ఒత్తిడికి మామూలు నూనె పొర తెగిపోయి ఇనుము ఇనుముకు అతుక్కుంటుంది. అందుకే గంధక సమ్మేళనాలు కలిపిన ప్రత్యేక గేర్ ఆయిల్ పుట్టింది; ఆ ఘాటు వాసన చేతికి అంటితే సబ్బుతో కడిగినా సులభంగా పోదు. ఆ గంధకమే ఇత్తడి, కంచు భాగాలను తినేయగలదు గనుక, ఇరుసుకు మేలు చేసే నూనెను పాత గేరుపెట్టెలో పోస్తే అక్కడి ఇత్తడి వలయాలకు కీడు జరిగేది. ఏ నూనె ఎక్కడ పోయాలనే ప్రశ్న అప్పటి నుంచి మరమ్మతు విద్యలో ఒక అధ్యాయమైంది.

నాలుగు చక్రాలకూ బలం ఇచ్చే ట్రక్కు చరిత్రలో విస్కాన్సిన్ రాష్ట్రపు క్లింటన్‌విల్ అనే చిన్న ఊరికి ప్రత్యేక స్థానం ఉంది. కమ్మరి పని చేసే ఆటో జాకో, ఆయన బావమరిది విలియం బెసర్‌డిక్ 1908 ప్రాంతంలో ముందు చక్రాలు పక్కకు తిరుగుతూనే బలాన్ని అందుకునే కీలును రూపొందించారు. వారి ఆలోచన నుంచి పుట్టిన ట్రక్కులు మొదటి ప్రపంచ యుద్ధపు బురదలో పనిచేశాయి. ఈ రకం వాహనాన్ని లోకమంతటికీ పరిచయం చేసింది మాత్రం జీపు. 1940లో అమెరికా సైన్యం పిలుపుకు స్పందించిన బాంటమ్ కంపెనీ చేతిలో సొంత ఇరుసులు లేవు. స్పైసర్ కంపెనీ స్టూడిబేకర్ కార్ల కోసం తయారుచేస్తున్న ఇరుసునే మార్చి ఇచ్చింది. చిన్న కారు కోసం పుట్టిన ఇరుసు యుద్ధరంగపు గోతుల్లో నిలిచిందంటే ఆ ఘనతలో కొంత డిజైనుదైతే, కొంత దాన్ని వేళకు విప్పి సరిచేసిన సైనిక మెకానిక్కులది. యుద్ధకాలంలో విల్లీస్, ఫోర్డ్ కర్మాగారాల నుంచి ఆరు లక్షలకు పైగా జీపులు వచ్చాయి. వాటి వెనుక ఇరుసు పూర్తి ఫ్లోటింగ్ రకం: బండి బరువును గుల్ల, హబ్బు బేరింగులు మోస్తాయి; లోపలి కడ్డీ మెలితిప్పే బలాన్ని మాత్రమే అందిస్తుంది. కడ్డీ విరిగినా చక్రం ఊడిపోదు. విరిగిన ముక్కలను లాగేసి, ముందు ఇరుసు బలంతో బండిని ఇంటికి చేర్చవచ్చు. యుద్ధం తరువాత పౌరుల కోసం చేసిన జీపుల్లో ఖర్చు తగ్గించేందుకు సెమీ ఫ్లోటింగ్ ఇరుసు వచ్చింది. అందులో కడ్డీయే బరువునూ మోస్తుంది గనుక, అది విరిగితే చక్రం కూడా బండిని విడిచిపోయే ప్రమాదం ఉంది.

జీపు ఇరుసులోని అంకెలు ఆసక్తికరమైనవి. పినియన్‌కు 8 పళ్లు, క్రౌన్‌కు 39 పళ్లు. అంటే చక్రం ఒకసారి తిరగాలంటే పినియన్ దాదాపు 4.88 సార్లు తిరగాలి. ఎనిమిదికీ ముప్ఫై తొమ్మిదికీ ఉమ్మడి భాజకం లేకపోవడం యాదృచ్ఛికం కాదు. పినియన్ మీది ప్రతి పన్నూ క్రౌన్ మీది ప్రతి పన్నునూ వంతులవారీగా కలవాలనీ, ఏ రెండు పళ్లూ మాటిమాటికీ తగిలి ఒకే చోట అరగకూడదనీ అలా ఎంచుకున్నారు. ఒక జత పళ్లు తిరిగి కలుసుకునే లోపు 312 కలయికలు జరుగుతాయి. కర్మాగారంలో క్రౌన్‌నూ పినియన్‌నూ కలిపి తిప్పి, ఒకదానికొకటి అలవాటు పడేలా నూరి, రెండింటి మీదా ఒకే జత సంఖ్య చెక్కేవారు. ఒకటి చెడితే రెండోదాన్నీ మార్చాలన్న షెడ్ల నియమం ఇక్కడి నుంచే వచ్చింది. ఖర్చుకు వెనకాడి సగం జతను మార్చిన ఇరుసు కొద్ది వందల కిలోమీటర్లలోనే ఏడుపు మొదలుపెట్టడం ఈ వృత్తిలో అందరికీ తెలిసిన అనుభవం.

భారతదేశానికి ఈ ఇరుసు రెండు దారుల్లో వచ్చింది. యుద్ధం ముగిశాక మిగిలిపోయిన సైనిక వాహనాల ద్వారా వచ్చినది ఒకటి; 1945లో మొదలై 1948లో పేరు మార్చుకున్న మహీంద్రా అండ్ మహీంద్రా కంపెనీ బొంబాయిలో విల్లీస్ జీపులను కూర్చడం ద్వారా వచ్చినది రెండోది. జర్మనీకి చెందిన మాన్ కంపెనీ లైసెన్సుతో 1959 నుంచి జబల్‌పూర్‌లో తయారైన శక్తిమాన్ ట్రక్కు నాలుగు చక్రాల బలాన్ని భారీ వాహనాలకూ అందించింది. తెలుగు నేలలో ఈ వాహనాలకు ప్రాణం పోసిన చోట్లలో మొదట చెప్పవలసినది విజయవాడ ఆటోనగర్. కలకత్తా, మద్రాసు, హైదరాబాదు దారులు కలిసే ఆ పట్టణంలో లారీల మరమ్మతు పెరిగి, 1960ల్లో దానికంటూ ఒక ప్రాంతమే వెలిసింది. అక్కడ ఈ విద్య పుస్తకాల ద్వారా కాక మేస్త్రీల ద్వారా సాగింది. షెడ్డులో చేరిన కుర్రాడు ముందు నట్లు కడిగి, తరువాత హబ్బు విప్పి, ఏళ్ల తరువాత గాని క్రౌన్ పినియన్ కూర్చే చోటికి చేరలేదు. క్రౌన్, పినియన్, సన్, స్టార్, క్రాస్, షిమ్ వంటి ఇంగ్లీషు మాటలు అలా తెలుగు నోళ్లలో నలిగి, సొంత మాటలంత సహజమయ్యాయి.

మూసిన గుల్లలోని జబ్బును విప్పకుండానే గుర్తించడం ఈ విద్యలో అన్నిటికంటే లోతైన భాగం. మోత ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు ఆగుతోంది అన్నదే మేస్త్రీ మొదటి ప్రశ్న. యాక్సిలరేటర్ తొక్కి లాగేటప్పుడు మాత్రమే వచ్చే ఏడుపు, పళ్ల లాగే ముఖం అరిగిందని చెబుతుంది. కాలు తీసి బండిని దొర్లనిచ్చినప్పుడు వచ్చే ఏడుపు పళ్ల రెండో ముఖాన్ని గాని, వదులైన పినియన్ బేరింగులను గాని సూచిస్తుంది. తొక్కినా తీసినా మారకుండా, వేగంతో పాటు పెరిగే గరగర బేరింగుది; బండిని కొద్దిగా ఎడమకూ కుడికీ ఊపినప్పుడు ఆ గరగర హెచ్చితగ్గితే అది చక్రం బేరింగు. మలుపులో మాత్రమే వినిపించే టకటక స్టార్ గేర్లది, ఎందుకంటే అవి పనిచేసేదే మలుపులో. చక్రం ఒక చుట్టుకు ఒకసారి కొట్టే దెబ్బ క్రౌన్‌లో విరిగిన పన్నుదైతే, అదే చుట్టులో దాదాపు ఐదుసార్లు కొట్టే దెబ్బ పినియన్ పన్నుది. పళ్ల లెక్క ఇలా వైద్యుడి నాడిగా పనికొస్తుంది. బండి కదలగానే వినిపించే ఒక్క ధన్‌మనే చప్పుడుకు పళ్ల నడుమ సందు పెరగడం కారణం కావచ్చు గాని, చాలాసార్లు దోషం డిఫరెన్షియల్‌ది కాక ప్రొపెల్లర్ షాఫ్ట్ కీలులోని క్రాస్‌ది అవుతుంది. క్రాస్‌ను చూడకుండా ఇరుసు విప్పేవాడు పని నేర్చినవాడు కాడన్నది కచ్చితమైన తీర్పే.

నాలుగు చక్రాల ట్రక్కులో శబ్దం ముందు ఇరుసు నుంచా, వెనుక ఇరుసు నుంచా అన్న సందేహం అదనం. దీనికి జీపు నిర్మాణమే ఒక పరీక్షను అందించింది: వెనుక ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను విప్పి, ముందు ఇరుసు బలంతోనే బండిని నడపడం. అప్పుడు వెనుక చక్రాలు దొర్లుతూ క్రౌన్‌నూ పినియన్‌నూ తిప్పుతూనే ఉంటాయి గాని వాటిపై లాగే బరువు ఉండదు. మోత పూర్తిగా ఆగితే జబ్బు బరువు మోసే పళ్లలోనో, విప్పిన షాఫ్ట్‌లోనో ఉన్నట్టు. ఆగకపోతే వెనుక బేరింగుల్లోనైనా ముందు ఇరుసులోనైనా ఉన్నట్టు. మరో జబ్బు ఈ బండ్లకే ప్రత్యేకం. ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ నడుమ డిఫరెన్షియల్ లేని ట్రక్కును తారు రోడ్డు మీద నాలుగు చక్రాల బలంతో నడిపితే, మలుపుల్లో ముందు వెనుక చక్రాల దూరాల తేడా ఎటూ పోలేక షాఫ్ట్‌లను మెలిపెడుతుంది. నాలుగు చక్రాల బలాన్ని కలిపే లివరు బిగుసుకుపోయి కదలదు. ఒకే బండికి అరిగిన టైర్లు రెండు, కొత్త టైర్లు రెండు వేసినా ఇదే జరుగుతుంది. బండిని కొంచెం వెనక్కి నడిపితే మెలి విడిపోతుందని తెలియని చోట నిర్దోషి అయిన గేరుపెట్టెను విప్పడం మామూలయింది.

విప్పిన తరువాత మాట్లాడేది నూనె. అడుగు బిరడా అయస్కాంతానికి అంటిన మెత్తని బూడిద రంగు ముద్ద సహజమైన అరుగుదలే. రేకులు, చువ్వలు కనిపిస్తే ఏదో విరిగినట్టే. పాలలా తెల్లబడిన నూనె నీరు చేరిందని చెబుతుంది. వేడెక్కిన ఇరుసు వాగులో దిగి ఒక్కసారిగా చల్లబడినప్పుడు లోపలి గాలి కుంచించుకుపోతుంది. గాలి పీల్చే చిన్న గొట్టం మట్టితో మూసుకుపోయి ఉంటే, ఆ ఖాళీని నింపేందుకు సీళ్ల అంచుల నుంచి నీరు లోనికి వస్తుంది. పాడేరు, అరకు దారుల్లో తిరిగే జీపులకు రూపాయి ఖర్చు లేకుండా శుభ్రం చేయగల ఆ గొట్టమే ఆయుష్షు పోసేది.

తిరిగి కూర్చడంలో ప్రాణం పినియన్ లోతులో ఉంది. పినియన్ క్రౌన్‌కు ఎంత దగ్గరగా నిలవాలో నిర్ణయించేవి దాని వెనుక వేసే పలుచని ఉక్కు వలయాలు, వాటినే షిమ్‌లంటారు. క్రౌన్ పక్కలకు ఎంత జరగాలో నిర్ణయించేవి దాని బేరింగుల పక్కన ఉంటాయి. క్రౌన్‌ను జరిపి పళ్ల నడుమ సందును సరిచేస్తారు. జీపు పరిమాణపు ఇరుసుల్లో ఆ సందు సాధారణంగా 0.13 నుంచి 0.23 మిల్లీమీటర్ల నడుమ ఉండాలి. తక్కువైతే పళ్లు వేడెక్కి పట్టేస్తాయి, ఎక్కువైతే కొట్టుకుంటాయి. లోతు సరిపోయిందో లేదో తెలుసుకునేందుకు పళ్లకు రంగు పూసి తిప్పి, పడిన ముద్రను చదువుతారు. పాత మాన్యువళ్లు ఇందుకు నూనెలో కలిపిన రెడ్ లెడ్ వాడమన్నాయి. సింధూరమన్న పేరుతో తెలుగువారికి తెలిసిన సీసపు ఎర్రపొడి అదే. ముద్ర పన్ను నడుమ నిండుగా పడాలి. అది పన్ను మొదట్లోకి దిగితే పినియన్ మరీ లోపలికి వెళ్లిందనీ, శిఖరానికి ఎక్కితే బయటకు ఉందనీ అర్థం. ఒక షిమ్ తీసి మరొకటి వేసి, మళ్లీ బిగించి, మళ్లీ రంగు పూసి చూడాలి. ఓర్పు లేనివాడికి ఇక్కడే పని చెడుతుంది. పినియన్ బేరింగుల బిగువును చూసేందుకు ఫ్లాంజికి దారం చుట్టి స్ప్రింగు త్రాసుతో లాగి కొలిచేవారు. తరువాత వచ్చిన ఇరుసుల్లో షిమ్‌లకు బదులు నలిగే గొట్టాన్ని పెట్టారు. అది కర్మాగారంలో పనిని వేగవంతం చేసింది గాని, ఒక్కసారి ఎక్కువ నలిగితే నట్టు వదులు చేసినా తిరిగి పెరగదు గనుక మరమ్మతులో కొత్త గొట్టం వేయక తప్పదు. చేసేవాడికి కలిసివచ్చిన మార్పు బాగుచేసేవాడికి భారమైన సందర్భం ఇది.

బలాన్ని సమానంగా పంచాలన్న స్టార్లీ నాటి గుణం బురదలో ఎదురు తిరుగుతుంది. ఒక చక్రం జారి గాలిలో తిరిగినట్టు తిరిగితే రెండో చక్రానికీ అంతే స్వల్ప బలం అందుతుంది, బండి కదలదు. నిలిచిన చక్రం వాటా వేగం కూడా జారే చక్రానికే చేరి అది క్రౌన్ కంటే రెట్టింపు వేగంతో తిరుగుతుంది. మలుపుల్లో మెల్లగా దొర్లేందుకు మాత్రమే చేసిన స్టార్ గేర్లు ఆ వేగానికి నూనె అందక పిన్నుకు అతుక్కుపోతాయి. బురదలో అరగంట యాక్సిలరేటర్ తొక్కిన బండి వారం తరువాత షెడ్డుకు రావడానికి ఇదే కారణం. దీనికి విరుగుడుగా రెండు వైపులనూ కలిపి బంధించే తాళాలు వచ్చాయి. వాటిలో అతి సరళమైనది తెలుగు రైతుకు బాగా తెలుసు: దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు ఒక చక్రం దిగబడితే మడమ దగ్గరి పెడలు తొక్కి రెండు చక్రాలనూ ఒకటి చేస్తారు, గట్టు దగ్గర తిప్పేముందు వదిలేస్తారు. వదలకుండా తిప్పితే ఏమవుతుందో ఒకే ఇరుసుకు గట్టిగా బిగించిన చక్రాల గురించి మొదట చెప్పినదే. తొక్కనక్కర లేకుండా రాపిడి పలకలతో జారుడును అదుపుచేసే రకం 1956లో ప్యాకార్డ్ కార్లలో వచ్చి ట్రక్కులకూ పాకింది. పలకలకు సరైన నూనె పోయకపోతే మలుపులో కటకటమనడం దాని కొత్త జబ్బు. ఈటన్ కంపెనీ 1973లో షెవర్లే ట్రక్కుల కోసం తెచ్చిన తాళం చక్రాల వేగాల తేడాను పసిగట్టి తనంతట తానే పడేది; జారుతున్న చక్రం ఒక్కసారిగా గట్టి నేలను పట్టుకుంటే ఆ దెబ్బకు పెట్టెతో సహా పగిలిన సందర్భాలు ఉన్నాయి.

2021లో అమెరికాలో కొనుగోలుదారుల చేతికి వచ్చిన రివియన్ విద్యుత్ ట్రక్కులో చక్రానికొకటి చొప్పున నాలుగు మోటార్లు ఉన్నాయి. వాటి నడుమ డిఫరెన్షియల్ లేదు. పెకర్ ఇరుసును రెండు ముక్కలు చేసి నడుమ పళ్లచక్రాలతో చేయించిన సర్దుబాటును అందులో కంప్యూటరు చేస్తుంది. క్రౌన్, పినియన్, స్టార్ గేర్లు పోయాయి. మోటారు వేగాన్ని తగ్గించి చక్రానికి అందించే పళ్లచక్రాలు, వాటిని మోసే బేరింగులు మాత్రం మిగిలాయి. ఇంజను మోత లేని ఆ బండిలో బేరింగు గరగర ఇంకా ముందే వినిపిస్తుంది.